ఈనిన ఆవు లివరు వెంటబడి పది నెలలు: ప్రాజెక్టు డైరీ

2024 ఫిబ్రవరిలో మా ఆవు ఒకటి ఈనిన పదిహేడో రోజున పోయింది. పశువుల డాక్టరమ్మ గారు పొట్ట కోసి చూసి, లివరు ముక్క ఒకటి తీసి నీళ్ల బకెట్లో వేశారు. ముక్క తేలింది. "మంచి లివరు మునుగుతుంది. ఇది కొవ్వు పట్టిపోయి తేలుతోంది" అన్నారు. పసుపు రంగు, వేలితో నొక్కితే వెన్నలా దిగబడుతోంది. అంతకుముందు ఏడాదిలో ఈనిన తొమ్మిది ఆవుల్లో నాలుగు రెండో వారంలో మేత మానేశాయి. మేము దిష్టి అనుకున్నాం, అజీర్తి అనుకున్నాం, పొడులు పోశాం.

మాది నెల్లూరు జిల్లా, కావలి పక్కన పల్లె. హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకర ఆవులు పదకొండు. పాలు కేంద్రానికి పోస్తాం, ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని గట్టి పదార్థం) చూసి డబ్బులిస్తారు. ఆ ఆవు పోయాక, ఈనిన ఆవుల రక్తం కొలుస్తూ లివరుకి కొవ్వు పట్టకుండా చూడాలనుకున్నాను. ఈ లెక్కలన్నీ రాసి పెట్టడం ఇంకొకరు చేసుకోవడానికి. నేను వృథా చేసిన డబ్బు, రక్తం పరీక్ష స్ట్రిప్పులు వాళ్లు వృథా చేయకుండా ఉండటానికి కూడా. సూదితో రక్తం తీయడం మా డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నాకే చేశాను. నరానికి ఎక్కించే మందు ఏదీ నేను ఎక్కించలేదు, మీరూ ఎక్కించొద్దు.

దశ 1: సామాను, రక్తం తీయడం (2024 ఏప్రిల్)

కొన్నవి:

1. మనుషుల షుగరు మీటరు లాంటిదే, కీటోన్ కూడా చూసే మీటరు: 1,800
2. కీటోన్ స్ట్రిప్పులు, పది ఉన్న డబ్బాలు రెండు: 2,400
3. 20 గేజి సూదులు, సిరంజీలు, రక్తం గొట్టాలు: 260
4. ఛాతీ చుట్టుకొలత చూసే టేపు: 40
5. గ్రాము దాకా తూచే వంటింటి త్రాసు: 350

ఇప్పటిదాకా ఖర్చు: 4,850 రూపాయలు.

మీటరు చూపించేది బీహెచ్‌బీ అనే కీటోన్, ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు లివరు రక్తంలోకి వదిలేది. లీటరుకి 1.2 మిల్లీమోల్ దాటితే, పైకి లక్షణం లేకపోయినా లోపల కీటోసిస్ (రక్తంలో కీటోన్లు ఎక్కువైపోయే జబ్బు) ఉన్నట్టు లెక్క. 3 దాటితే ఆవు పైకే కనిపించేలా పడిపోతుంది. ఒక సంగతి ముందే చెప్పాలి. అదే మీటరులో షుగరు స్ట్రిప్పు పెడితే ఆవుకి 52 చూపించింది. నాకు గుండె ఆగినంత పనైంది. నెమరు వేసే పశువుకి 45 నుంచి 75 మామూలేనట. మనిషి లెక్కతో ఆవుని చూడకూడదు. ఈ తప్పు తర్వాత ల్యాబు దగ్గర ఇంకోసారి చేశాను.

రక్తం ఎక్కడ తీయాలన్నదే మొదటి తిప్పలు. చెవి అంచున పొడిస్తే చుక్క రాలేదు, ఆవు తల విదిలించి నన్ను గాడిలోకి తోసింది. మా దగ్గర పనిచేసే మామ "ఎందుకబ్బయ్యా, పొట్ట కింద అంత లావు నరం కనపడతా ఉంటే" అని పాల నరం చూపించాడు. అక్కడ తీయడం సులువే. కానీ ఒకే ఆవుకి, ఒకే నిమిషంలో పాల నరంలో 0.7, తోక నరంలో 1.3 వచ్చింది. పొదుగు కీటోన్‌ని వాడేసుకుంటుంది, కాబట్టి పొదుగు నుంచి తిరిగొచ్చే రక్తంలో తక్కువే ఉంటుంది. పైగా పాల నరం పొడిస్తే రక్తం గడ్డ కట్టే ప్రమాదం కూడా ఉంది. అప్పటి నుంచి తోకే.

తోక దగ్గర తీసే పద్ధతి:

1. తోకని మొదట్లో పట్టుకుని నిటారుగా పైకి లేపాలి. ఒకరు ఆవు పక్కన నిలబడి నడుముకి ఆనుకోవాలి.
2. తోక అడుగున నడిమధ్య గాడిని తడి గుడ్డతో తుడవాలి. పేడ కలిస్తే రీడింగు చెడుతుంది.
3. మొదలు నుంచి జానెడు లోపు, రెండు పూసల మధ్య సూది నేరుగా గుచ్చాలి. ఎముక తగిలాక కొంచెం వెనక్కి లాగాలి.
4. సిరంజి మెల్లగా లాగాలి. చుక్క స్ట్రిప్పుకి చాలు.

సాధనలోనే నాలుగు స్ట్రిప్పులు పోయాయి.

దశ 2: గౌరి (2024 మే)

గౌరి మే 9న ఈనింది. పెద్ద ఆవు, పుష్టిగా ఉంది, అమ్మకి ముద్దు. ఒంటి మార్కు 1 (బక్క) నుంచి 5 (బాగా లావు) లెక్కలో 4 వేశాను. తోక మొదట్లో వేళ్లు పెడితే ఎముక దొరకలేదు, అంతా మెత్తన. ఈనే నాటికి 3 నుంచి 3.25 ఉంటే చాలని తర్వాత తెలిసింది.

ఈనిన 4వ రోజు, ఉదయం మేత వేయకముందు: 0.7. బ్రహ్మాండం అనుకున్నాను.

7వ రోజు, పదిన్నరకి: 1.9.

మూడు రోజుల్లో అంత పెరిగిందా, నేను చూసిన వేళ తప్పా? రెండూ. బీహెచ్‌బీ దాణా తిన్న నాలుగైదు గంటలకి ఎక్కువగా ఉంటుంది. ఖాళీ కడుపున చూస్తే ప్రమాదం దాక్కుంటుంది. అప్పటి నుంచి మా ఇంట్లో నియమం: ఆరింటికి దాణా, పది నుంచి పదకొండు మధ్య సూది. వేళ మారిస్తే ఆ రీడింగు పుస్తకంలో రాయను.

ఇక్కడ నాకు ఎక్కువ బాధ కలిగించినది పాల కేంద్రం చీటీ. ఆ వారం గౌరి పాలలో ఫ్యాటు 5.6. నాయన చీటీ చూసి మురిసిపోయాడు. "వెన్న పోస్తా ఉందిరా" అన్నాడు. అది దాని వీపు మీది వెన్న. తిన్న మేత చాలక, ఆ లోటు పూడ్చడానికి ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి వస్తే, పొదుగు దాన్ని పట్టి పాలలో పోస్తుంది. ఈనిన కొత్తలో ఫ్యాటు ఉన్నట్టుండి పెరిగితే సంతోషించే ముందు ఆవు మేత చూడాలి. ఏళ్ల తరబడి మేము దీన్ని తలకిందులుగా చూశాం, ఫ్యాటు ఎక్కువైన ఆవుని "బాగా సెట్ అయింది" అని పట్టించుకోకుండా వదిలేశాం.

8వ రోజు బంధువు ఒకరు చెబితే అరకిలో బెల్లం నీళ్లలో కలిపి తాపించాం. తీపి కదా, షుగరు పెరుగుతుందని నేనూ నమ్మాను. 9వ రోజు 2.4, పేడ పలచబడింది. బెల్లం ఆవు రక్తంలోకి నేరుగా పోదు. పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు ముందు తింటాయి, అందులో కొంత బ్యుటిరిక్ ఆమ్లం అవుతుంది, పొట్ట గోడ దాన్ని మళ్లీ ఇదే కీటోన్‌గా మారుస్తుంది. మంట మీద నెయ్యి పోశాం.

11వ రోజు 3.2. పాలు 13 లీటర్ల నుంచి 8.5కి దిగాయి. అమ్మ గొడ్లపాకలోకి రాగానే "నోట్లో మాగిన పండు వాసన వస్తా ఉంది" అంది. నాకేమీ వాసన రాలేదు. ఈ వాసన కొందరి ముక్కుకే తెలుస్తుందట. మా ఇంట్లో అమ్మ ముక్కు ఉచిత స్ట్రిప్పు.

డాక్టరమ్మ వచ్చి డెక్స్‌ట్రోస్ ఎక్కించారు, ప్రొపిలీన్ గ్లైకాల్ రోజుకి 300 మిల్లీలీటర్లు ఐదు రోజులు తాపమన్నారు. ఇది బెల్లంలా కాదు, ఎక్కువ భాగం లివరుకి చేరి గ్లూకోజుగా మారుతుంది. 16వ రోజు 1.0, పాలు 11.

వైద్యం, మందులు: 2,400. ఇప్పటిదాకా: 7,250.

దశ 3: చుక్క, ఎండలో స్ట్రిప్పులు, పొడి మిథియోనిన్ (2024 జూన్)

లివరుకి కొవ్వు ఎందుకు పడుతుందో నాకు అర్థమైన తీరు ఇది. కరిగి వచ్చిన కొవ్వులో లివరు కొంత కాల్చుకుంటుంది, కొంత కీటోన్లుగా వదిలేస్తుంది, మిగతాది తిరిగి కొవ్వుగా కట్టి బయటికి పంపాలి. పంపాలంటే ప్రోటీను, కోలిన్ అనే పోషకం కలిసిన పొట్లం కావాలి. ఆ పొట్లం కట్టడంలోనే ఆవు లివరు నెమ్మది. మా వైపు వాళ్లకి రొయ్యల లెక్కలో చెబితే తెలుస్తుంది. చెరువు పట్టేశారు, రొయ్య గట్టు మీద గుట్ట పడింది, థర్మోకోల్ పెట్టెలు రాలేదు. గుట్ట గట్టు మీదే ఉంటుంది.

ఆ పెట్టెలకి కావలసిన సరుకులో ముఖ్యమైనది మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీను కట్టే ముక్కల్లో ఒకటి). ఒంట్లో కోలిన్ తయారవడానికి కూడా అదే సాయం. ఈనిన మొదటి వారాల్లో ఆవు రక్తంలో చాలా అమైనో ఆమ్లాలు తగ్గుతాయి, ఎందుకంటే పాల ప్రోటీనుకి పొదుగు లాక్కుంటుంది, తినేదేమో తక్కువ. చాలక తన కండనే కరిగించుకుంటుంది. మేము వేసే దాణా ఏమిటో చూడండి: వేరుశనగ చెక్క, తవుడు, మొక్కజొన్న. వేరుశనగ చెక్కలో మిథియోనిన్, లైసిన్ (ఇలాంటిదే ఇంకో ముక్క) రెండూ తక్కువే. మొక్కజొన్నలో లైసిన్ తక్కువ. ప్రోటీను శాతం సంచి మీద బాగానే ఉంటుంది, కావలసిన ముక్కలు లేవు.

కావలిలో రొయ్యల మేత, కోళ్ల మేత సరుకులు అమ్మే దుకాణంలో మిథియోనిన్ పొడి దొరుకుతుంది. అప్పుడు కిలో 450. చుక్క అనే ఆవు జూన్ 14న ఈనింది. రోజుకి 20 గ్రాములు దాణాలో కలిపాను. 15 రోజులు. ఏమీ కాలేదు. కాదు కూడా. పొడి మిథియోనిన్ కోడికి, రొయ్యకి పనికొస్తుంది, ఆవు పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు దాన్ని చాలా వరకు చీల్చి తినేస్తాయి. లివరు దాకా పోవాలంటే పూత పూసిన గుళిక కావాలి, దాన్నే బైపాస్ మిథియోనిన్ అంటారు. దుకాణం అతను ఆవుకా కోడికా అని అడగలేదు, నేను చెప్పలేదు.

అదే నెలలో ఇంకో తప్పు. స్ట్రిప్పుల డబ్బా బైకు డిక్కీలో మర్చిపోయాను. జూన్ ఎండలో కావలి రోడ్డు మీద డిక్కీ ఎంత కాలుతుందో మీకు తెలుసు. ఆ రోజు చుక్క నుంచి తీసిన రక్తం ఒకటే సిరంజిలోది, మూడు స్ట్రిప్పులు: 0.3, 2.2, 0.8. కొత్త డబ్బా తెచ్చి చూస్తే 1.6. ఎండలో ఉన్న ఆరు స్ట్రిప్పులూ పోయినట్టే. డబ్బా మీదే రాసి ఉంది, 30 డిగ్రీలు దాటనివ్వొద్దని. ఇప్పుడు ఇంట్లో కుండ పక్కన చల్లటి గూట్లో ఉంటుంది. వాడే స్ట్రిప్పు ఒక్కటే చొక్కా జేబులో వస్తుంది.

కొత్త డబ్బా 1,200, పొడి 450. ఇప్పటిదాకా: 8,900. స్ట్రిప్పుల లెక్క: 30 కొన్నాను, 10 వృథా.

దశ 4: ల్యాబు (2024 జూన్ చివర)

ఊహించుకోవడం ఎందుకు, రక్తంలో అమైనో ఆమ్లాలు కొలిపిద్దామనుకున్నాను. మనుషుల ల్యాబు ఒకటి బయటి ఊరికి పంపి చేయిస్తానంది. ఒక నమూనాకి 4,200.

జూన్ 24, చుక్క ఈనిన పదో రోజు. ఏం చేశానో వరసగా రాస్తాను, ఎందుకంటే ప్రతి అడుగూ తప్పే:

1. ఐదు మిల్లీలీటర్లు గబగబా లాగాను.
2. సూది తీయకుండానే గొట్టంలోకి గట్టిగా నొక్కాను.
3. గొట్టాన్ని గుడ్డ చుట్టకుండా నేరుగా ఐసు ముక్కల మీద పెట్టాను.
4. బస్సులో నెల్లూరు. దారిలో గొట్టం కుదుపులకి ఐసులో దొర్లుతూనే ఉంది.

పైన తేలిన ద్రవం లేత పసుపుగా ఉండాలి. నాది గోరింటాకు కడిగిన నీళ్లలా ఉంది. ఎర్ర కణాలు పగిలాయి. ల్యాబు వాళ్లు ఏమీ అనకుండా పంపించారు. తొమ్మిది రోజులకి కాగితం వచ్చింది. కొన్ని అంకెలు పాతాళంలో, కొన్ని ఆకాశంలో. నేను జబ్బు దొరికిందనుకున్నాను. డాక్టరమ్మ ఒక్క చూపులో తేల్చారు: "గొట్టంలో ఎర్ర కణాలు పగిలాయి. కణం పగిలితే లోపలిది బయటికొచ్చి అంకెల్ని మార్చేస్తుంది. ఇది ఆవు జబ్బు కాదు బాబూ, నీ గొట్టం జబ్బు."

నాలుగు వేల రెండొందలు. ఆ డబ్బుకి మూడు డబ్బాల స్ట్రిప్పులు వచ్చేవి. రక్తంలో అమైనో ఆమ్లాల కొలత పరిశోధన చేసేవాళ్ల పని, అక్కడికక్కడే యంత్రంలో తిప్పి ద్రవం వేరు చేసి గడ్డకట్టించగలిగిన వాళ్లకే. రైతు ఆ దారి పట్టనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంకోసారి నేను చేయలేదు.

అదే రోజు లివరు పరీక్షకి విడిగా మూడు గొట్టాలు ఇచ్చాను. వాటిని నెమ్మదిగా తీశాను కాబట్టి బాగానే ఉన్నాయి. చుక్క, ఈని నెలన్నర అయిన గౌరి, పోలికకి ఈని ఆరు నెలలు దాటిన కపిల.

చుక్క: ఎస్‌జీవోటీ (లివరు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 142, ఆల్బుమిన్ 2.7
గౌరి: ఎస్‌జీవోటీ 96, ఆల్బుమిన్ 3.1
కపిల: ఎస్‌జీవోటీ 71, ఆల్బుమిన్ 3.4

కాగితంలో మూడింటికీ ఎస్‌జీవోటీ పక్కన ఎర్రగా గుర్తు పెట్టి ఉంది. నాయనకి టెన్షన్, "అన్నిటికీ కామెర్లేనా?" అని. ఆ గుర్తు మనుషుల హద్దుతో పెట్టింది. ఆవుకి మామూలుగానే ఎక్కువ ఉంటుంది. మా డాక్టరమ్మ వంద దాటితే ఆలోచించమన్నారు. మనం మనుషులకి చూసే ఎస్‌జీపీటీ ఆవు లివరు గురించి పెద్దగా చెప్పదు, దాన్ని వదిలేయమన్నారు. ఎస్‌జీవోటీ కండ దెబ్బతిన్నా పెరుగుతుంది, అంటే లేవలేక పడి ఉన్న ఆవుకి అది చూసి లివరు అనుకోకూడదు. ఆల్బుమిన్ లివరు తయారు చేసే ప్రోటీను. ఆ అంకె నాకు ఎక్కువ నచ్చింది. అమైనో ఆమ్లాలు కొలవలేకపోయినా వాటితో లివరు ఏం చేయగలుగుతోందో అది కొంత చెబుతుంది.

అమైనో ఆమ్లాల పరీక్ష 4,200, లివరు పరీక్షలు మూడు 1,800, దారి ఖర్చు 300. ఇప్పటిదాకా: 15,200.

దశ 5: లచ్చి, కుడితి (2024 జూలై)

బైపాస్ మిథియోనిన్ ఐదు కిలోలు తెప్పించాను, 3,250. సంచి మీద రోజుకి 15 గ్రాములు అని ఉంది. లచ్చికి ఈనిన రోజు నుంచి మొదలుపెట్టాం. అమ్మ పొద్దున గంజి, తవుడు, కడుగునీళ్లు కలిపి కుడితి కాస్తుంది, అందులో వేసేది. పది రోజులు వేశాక ఒక పూట నేను చూశాను: కుడితి పైన సన్నగా తెల్లటి మీగడ తేలుతోంది. గుళికల పూత కొవ్వుతో చేసింది. వేడికి కరిగిపోయింది. పది రోజులుగా మేము ఖరీదైన పొడి మిథియోనిన్ పోస్తున్నాం.

నిజమో కాదో వంటింట్లో చూశాను. పది గ్రాముల చొప్పున మూడు గ్లాసులు, గంట సేపు నానబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి మళ్లీ తూచాను:

1. మామూలు నీళ్లు: 9.3 గ్రాములు మిగిలాయి
2. వేలు పెడితే గోరువెచ్చగా ఉన్న కుడితి: 8.6
3. పొయ్యి మీది నుంచి దించిన కుడితి: 3.8

నా త్రాసు గ్రాము దాకానే నమ్మదగ్గది, పాయింటు తర్వాత అంకె చూసి వాదించొద్దు. మూడో గ్లాసు సంగతి చెప్పడానికి త్రాసు కూడా అక్కర్లేదు.

ఇది చాలదన్నట్టు ఇంకొకటి బయటపడింది. మామ ఆ గుళికల్ని ఉండలు కట్టిన మందు అనుకుని, ఆవుకి అరగాలని రోకలితో దంచి వేస్తున్నాడు. పాపం ఆయన శ్రద్ధే అది. గుళిక చిట్లితే పూత ఉన్నా లేనట్టే. ఇప్పుడు దాణా సంచి పైన బొగ్గుతో రాశాం: "దంచవద్దు, కుడితిలో వద్దు". పొడి దాణా వేశాక పైన చల్లి, ఆవు ముందు నిలబడి నాకేదాకా చూస్తాం.

లచ్చి రీడింగు 1.3 దాకా పోయింది, కానీ ఆ తప్పు కరిగిన గుళికల మీద వేయలేను. మాయ సరిగా పడలేదు, జ్వరం 104. మొదటి జబ్బు గర్భసంచిది, మేత మానేసింది కాబట్టి కీటోన్ పెరిగింది. గర్భసంచికి వైద్యం చేశాక కీటోన్ దానంతటదే దిగింది. మీటరు కంటే ముందు థర్మామీటరు పెట్టాలని అప్పుడు తెలిసింది. ఆవుకి 101.5 అటూఇటూ మామూలు.

గుళికలు 3,250, థర్మామీటరు 150. ఇప్పటిదాకా: 18,600.

దశ 6: నల్లావు. నేను చేసిన పెద్ద తప్పు (2024 ఆగస్టు, సెప్టెంబరు)

అప్పటికి ఒక్కటి స్పష్టంగా తెలిసింది: లావుగా ఈనిన ఆవే ఎక్కువ కరుగుతుంది. నల్లావు ఒంటి మార్కు 4, ఈనడానికి ఇంకా నలభై రోజులు. నేను దాణా ఒకేసారి ఆపేశాను. ఒట్టి వరిగడ్డి, నీళ్లు. పది రోజులకి టేపు పెడితే ఛాతీ చుట్టుకొలత నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. పుస్తకంలో గర్వంగా రాసుకున్నాను.

డాక్టరమ్మ వచ్చి చూసి రక్తం తీయమన్నారు. ఇంకా ఈననే లేదు, 0.9. "నువ్వు భయపడుతున్న పని నువ్వే ముందుగా మొదలుపెట్టావు. కడుపులో దూడ పెరుగుతుంటే పస్తు పెడతావా?" అని గట్టిగానే తిట్టారు. చూడి చివర్లో ఒళ్లు దించకూడదు. అప్పుడు దించితే ఈనక ముందే కొవ్వు కరిగి లివరు నిండుతుంది. లావు తగ్గించాల్సింది ఇంకా పాలిచ్చేటప్పుడు, ఈని ఏడెనిమిది నెలలు దాటాక, పాలు తగ్గినా దాణా తగ్గించకుండా పోస్తామే, అప్పుడు. పాలు ఎండగట్టేనాటికి (ఈనే ముందు పిండడం ఆపేనాటికి) మార్కు 3.25 ఉంటే దాన్ని అలాగే ఈనేదాకా నిలపాలి.

నల్లావు సెప్టెంబరు 15న ఈనింది, 7వ రోజు 2.1. గ్లైకాల్ ఐదు రోజులు, 700. ఇప్పటిదాకా: 19,300.

ఇందులో అమ్మ వాదన కూడా రాయాలి. "చూడి ఆవుకి తినీతినక పెడితే పాపం" అంటుంది. మిగిలిన గంజి, తవుడు అంతా చూడి ఆవుల గాడికే పోయేది. నెల్లూరులో తవుడుకి కొదవ లేదు కదా, రోజుకి మూడు కిలోలు. పక్క రైతు ఒంగోలు ఆవుకి అంతే పెడతాడు, దానికేమీ కాదు. కాకపోవడం సహజం, అది దూడకి పోను మూడు నాలుగు లీటర్లు ఇస్తుంది. ఈనిన నెలలో పద్నాలుగు లీటర్లు పిండే సంకర ఆవు మీద ఉన్న బరువు దాని మీద లేదు. (మన జిల్లా పేరుతోనే బ్రెజిల్‌లో "నెలోర్" అని పిలిచే పశువులు ఈ జాతివే. వాళ్లు మాంసానికి పెంచుతారు.)

దశ 7: ఆరు ఆవులు (2024 అక్టోబరు నుంచి 2025 ఫిబ్రవరి)

మిగతా ఆరు ఆవులకి మార్చినవి:

1. పాలు ఎండగట్టే ముందు రెండు నెలల నుంచి దాణా పాలని బట్టి, అలవాటుని బట్టి కాదు. ఆరింటిలో ఐదు 3 నుంచి 3.5 మార్కుతో ఎండాయి. ఒకటి 3.75.
2. ఎండిన మొదటి ఐదు వారాలు వరిగడ్డి కడుపు నిండా, సూపర్ నేపియర్ పచ్చిగడ్డి పది కిలోలు, తవుడు ఒక్క కిలో, ఖనిజ లవణాలు.
3. చివరి మూడు వారాలు ఈనాక పెట్టబోయే దాణాయే కొంచెం కొంచెంగా మూడు కిలోల దాకా. సూక్ష్మజీవులకి అలవాటు కావాలి.
4. వేరుశనగ చెక్కలో సగం తీసి సోయా చెక్క, అరకిలో నువ్వుల చెక్క. సోయాలో లైసిన్ ఉంది, నువ్వుల చెక్కలో మిథియోనిన్ ఉంది. నువ్వుల చెక్క పాతబడితే చేదెక్కుతుంది, వారానికి సరిపడా తెచ్చుకోవాలి.
5. బైపాస్ మిథియోనిన్ 15 గ్రాములు, ఈనే ముందు 21 రోజులు, ఈనాక 30 రోజులు. ఆవుకి 765 గ్రాములు, దాదాపు 500 రూపాయలు.
6. స్ట్రిప్పు ఈనే వారం ముందు ఒకటి, ఈనాక 4, 7, 10, 14 రోజుల్లో.

ఈనాక ఆవుల్లో కనిపించిన గరిష్ఠ బీహెచ్‌బీ:

మొదటి నాలుగు (గౌరి, చుక్క, లచ్చి, నల్లావు): 3.2, 1.6, 1.3, 2.1
తర్వాతి ఆరు: 0.6, 0.9, 1.4, 0.7, 1.0, 0.8

ఆ 1.4 వచ్చింది 3.75 మార్కుతో ఎండినదే. దానికి 7వ రోజునే దొరికింది, మూడు రోజులు గ్లైకాల్, నల్లావుకి తెచ్చిన డబ్బాలో మిగిలిందే. 14వ రోజు 0.8. పాలు పడిపోలేదు. గౌరి దగ్గర నాలుగు రోజులు బెల్లంతో పోగొట్టుకున్నదే ఇక్కడ కలిసొచ్చింది.

రెండు ఆవులకి పదో రోజున లివరు పరీక్ష చేయించాను. ఎస్‌జీవోటీ 78, 84. ఆల్బుమిన్ 3.2, 3.3. ఫ్యాటు 4.2 దగ్గర నిలబడింది. నాయన చీటీ చూసి "తగ్గిందే" అన్నాడు మొదట. నెలాఖరు లెక్కలో లీటర్లు చూశాక మళ్లీ ఆ మాట అనలేదు. ఎస్ఎన్ఎఫ్ 8.1 నుంచి 8.5కి వచ్చింది. కేంద్రంలో యంత్రం ప్రోటీను అంకె కూడా చూపిస్తుంది. అది నేరుగా కొలిచింది కాదు, మిగతా వాటి నుంచి లెక్కగట్టింది. దాన్ని నేను రాసుకోలేదు.

స్ట్రిప్పులు మూడు డబ్బాలు 3,600, గుళికలు ఇంకో కిలో 650, పరీక్షలు రెండు 1,200. ఇప్పటిదాకా: 24,750. చెక్కల మార్పు ఇందులో లేదు, అది దాణా ఖాతాలో ఉంది.

దశ 8: ఈ అంకెల్లో నమ్మకూడనివి (2025 ఫిబ్రవరి)

గుళికల వల్లే బాగుపడ్డాయని నేను చెప్పను. చెప్పలేను. ఒకేసారి నాలుగు మార్చాను: ఒళ్లు, చెక్క, గుళిక, ఎండిన కాలం మేత. పైగా మొదటి మూడూ మే నుంచి జూలై మధ్య మండే ఎండల్లో ఈనాయి. ఆ వేడికి ఏ ఆవైనా మేత తగ్గించేస్తుంది. ఆరూ నవంబరు నుంచి జనవరి మధ్య ఈనాయి, పచ్చిగడ్డి ఉంది, గాలి చల్లగా ఉంది. ఇందులో దేని వాటా ఎంతో విడదీయలేను. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఒళ్లు ఎంచుకుంటాను. దానికి ఖర్చు లేదు, 3.75 ఆవు ఒక్కటే గీత దాటడం నా కళ్లతో చూశాను. ఒక ఆవుని చూసి మాట్లాడుతున్నానని కూడా తెలుసు.

గుళికల సంచిలో ఇంక పావుకిలో కూడా లేదు. మళ్లీ కొనాలా అని డాక్టరమ్మని అడిగితే "జతలు కట్టి చూడు" అన్నారు. గౌరి, చుక్క రెండూ మళ్లీ చూడివే, వేసవిలోనే ఈనతాయి, ఈసారి రెండింటికీ మార్కు 3.25. చెక్క, మేత, వేళ రెండింటికీ ఒకటే. గుళికలు చుక్కకి మాత్రమే. రెండు ఆవులతో తేలేది తక్కువే, అయినా ఎండాకాలం లెక్క ఎండాకాలంతో పోల్చినట్టు ఉంటుంది. స్ట్రిప్పుల డబ్బా ఒకటి తెచ్చి కుండ పక్కన గూట్లో పెట్టాను. గౌరికి గుళికలు లేవని అమ్మకి ఇంకా చెప్పలేదు.